గోధుమ గిట్టని ఇంటికి మంచి రొట్టె

దూలపల్లి మొదలు మేడ్చల్, శామీర్‌పేటల వరకు గల గ్రామములలో వయసు మీరిన వారిని ఎవరినైనను పలుకరించి, చిన్ననాట రాత్రి భోజనమునకు ఏమి తినెడివారని అడిగి చూడుడు. జొన్న రొట్టె యనియో, జొన్న గట్క యనియో చెప్పుదురు. గోధుమ రొట్టె ఆనాడు పట్టణము నుండి చుట్టము వచ్చినపుడు కనిపించెడి వస్తువు. నేడు ఆ చేలలో చాల భాగము ఇండ్ల స్థలములైనవి. దూలపల్లిలో అటవీ అకాడమీ వైపు పోయిన చెట్ల నీడ ఇంకను దొరకును గాని, జొన్న చేను చూడవలెనన్న చాల దూరము పోవలసి వచ్చుచున్నది. ఇంటింట సాయంకాలము చపాతీ, పిల్లలకు బ్రెడ్డు, బిస్కట్లు, సేమియా అలవాటైనవి. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. గోధుమ మంచి ధాన్యమే.

కాని ఆ గోధుమయే గిట్టని మనిషి ఒకడు ఇంటనున్నచో పరిస్థితి వేరు. ఆ మనిషి సాధారణముగ ఒక పసిబిడ్డయో, బడి పిల్లయో అయి యుండును. అందరును తినుచున్న రొట్టె తనకు మాత్రము లేదనుట ఆ బిడ్డకు రోజూ మూడు పూటల జరుగు శిక్ష. తల్లిదండ్రులు పట్టణములో దుకాణము దుకాణము తిరిగి, ధర ఎక్కువ పెట్టి, రుచి పచి లేని రొట్టె ముక్కలు కొని తెచ్చుచుందురు. అట్టి ఇంటికి కావలసిన రొట్టెను అంగడిలో కంటె ముందుగ మన చేనులోను, మన వంట ఇంటిలోను వెదకవలెనని ఈ వ్యాసమున చెప్పదలచితిని. జొన్న పండినంత మాత్రమున పని పూర్తి కాదు. గిర్నిలోను, పీట మీదను, పెనము మీదను అది చెడిపోకుండ చూచుకొనవలెను. అసలు చిక్కంతయు అక్కడనే యున్నది.

జబ్బు సంగతి

గోధుమ, బార్లీ, రై అను మూడు ధాన్యములలో గ్లూటెన్ అను జిగురు మాంసకృత్తు కలదు. పిండి తడిపి పిసికినపుడు సాగునట్లు చేయునది ఇదియే. కొందరి శరీరము ఈ గ్లూటెనును శత్రువుగ భావించి, దానితో పోరాడుచు తన చిన్న ప్రేగులనే గాయపరచుకొనును. ప్రేగు లోపలి గోడకు మఖమలు గుడ్డకు నూగు వలె సన్నని మొలకలుండును. తిన్న ఆహారములోని సారమును పీల్చునవి అవే. అవి అరిగి చదునైనపుడు ఎంత తిన్నను ఒంటబట్టదు. విడువని విరేచనములు, కడుపు ఉబ్బరము, మందులు వాడినను తగ్గని రక్తహీనత, వయసుకు తగినట్లు పెరుగకపోవుట దీని గురుతులు. దీనిని సీలియాక్ వ్యాధి యందురు. ఇది అంటువ్యాధి కాదు గాని, ఇంటిలో ఒకరికున్న రక్తసంబంధీకులకు కూడ ఉండు అవకాశము హెచ్చు.

ఈ జబ్బుకు గోధుమ కారణమని తేలిన వైనము రైతులకు ఆసక్తి కలిగించునట్టిది. హాలెండు దేశమున డికే అను పిల్లల వైద్యుడుండెను. రెండవ ప్రపంచ యుద్ధము చివర, 1944-45 చలికాలమున ఆ దేశమున కరవు వచ్చి రొట్టె దొరకుట దుర్లభమైనది. దేశమంతయు ఆకలితో నకనకలాడుచుండ, ఈ జబ్బు గల పిల్లలు మాత్రము రొట్టె లేని ఆ దినములలో చెడిపోలేదు. గోధుమను గూర్చి అంతకు ముందే ఆయనకు కలిగిన అనుమానము దీనితో బలపడెను. 1950లో ఆయన తన పరిశోధన గ్రంథమున గోధుమ, రై ఈ పిల్లలకు హాని చేయుచున్నవని చూపెను. తరువాత ఆయనయు, ఆయన సహచరులును ఆ హాని గ్లూటెనులో నున్నదని నిరూపించిరి. నాటి నుండి నేటి వరకు దీనికి మందు ఒక్కటే. జీవితాంతము గ్లూటెన్ లేని ఆహారము తినుట.

మన దేశములో వేర్వేరు ప్రాంతముల వారిని పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఉత్తరాదిన నూటికి 1.23 మందికి, ఈశాన్యమున 0.87 మందికి, దక్షిణాదిన 0.10 మందికి ఈ వ్యాధి కనిపించినది. అనగా మనవైపు వేయి మందిలో ఒకరు. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని అయిదు వేల జనాభా గల గ్రామములో అయిదుగురు ఉండవచ్చునని దీని అర్థము. అంతేకాదు, హైదరాబాదు ఉత్తర శివారులలోని కర్మాగారములకు, కట్టడపు పనులకు ఉత్తరాది నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు అనేకము కలవు. అరుదు కదా యని మనవైపు ఈ జబ్బును తొందరగ తలచుకొనరు. బిడ్డ ఎండిపోవుచున్న దిష్టి యందురు, నులిపురుగులందురు, ఇనుపధాతువు మాత్రలిచ్చి ఊరకుందురు.

ఇచ్చట ఒక హెచ్చరిక. అనుమానము కలిగిన వెంటనే గోధుమ మానివేసి, తరువాత వైద్యుని వద్దకు పోరాదు. ఈ వ్యాధిని పట్టు రక్తపరీక్ష, ప్రేగు ముక్క పరీక్ష గోధుమ తినుచున్న దినములలోనే సరిగ తెలియజేయును. ముందుగ మానివేసిన యెడల ప్రేగు కొంత బాగుపడి, జబ్బు దాగిపోవును. పరీక్ష ముందు, పథ్యము తరువాత.

మరియొక మాట. పట్టణములలో ఇటీవల గ్లూటెన్ మానుట ఒక వేడుకగ మారినది. ఏ జబ్బును లేనివారు కూడ గోధుమ విషమని మాటలాడుచున్నారు. ఇది సరియైన మాట కాదు. గిట్టనివారికి అది హాని, గిట్టినవారికి ఆహారము. ఈ వేడుక వలన నిజముగ జబ్బు గల బిడ్డ పథ్యమును కూడ ఇరుగు పొరుగు వారు వేషముగ భావించి, "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది" అని చేతిలో బిస్కట్టు పెట్టుచున్నారు. ఆ ఒక్క ముక్కయే చెరుపు.

జొన్న రొట్టె ఎట్లు నిలుచును

గోధుమ పిండి సాగును, జొన్న పిండి సాగదు. జొన్నలో మాంసకృత్తు గోధుమలో వలెనే సుమారు నూటికి పది పాళ్లు ఉన్నను, అది వేరు జాతిది. వలవలె అల్లుకొనదు, గ్లూటెన్ కాదు. 2007లో ఇటలీ దేశపు పరిశోధకులు సీలియాక్ రోగులకు జొన్నతో చేసిన పదార్థములు పెట్టి చూచి, హాని లేదని తెలిపిరి. 2013లో జొన్న జన్యువులను పరిశీలించి, హాని చేయు భాగములు అందులో లేవని మరల ధ్రువపరచిరి. మన పెద్దలకు ఈ శాస్త్రము తెలియదు గాని, జిగురు లేని పిండితో రొట్టె నిలుపు విద్య తెలియును. అది అల్పమైన విద్య కాదు. విదేశములలో రొట్టెలు కాల్చువారు గోధుమ లేని పిండిని కట్టి నిలుపుటకు బంకలు, పొడులు వెదకుచుండగ, మన ఇండ్లలో వేడి నీళ్లతో ఆ పని తరతరములుగ జరుగుచున్నది.

దాని కీలకము ఇది. మరుగుచున్న నీరు తగిలినపుడు జొన్నలోని పిండిపదార్థము ఉబ్బి జిగురుగ మారును. ఆ జిగురే గ్లూటెన్ చేయవలసిన పని చేయును. కాబట్టి నీళ్లు గోరువెచ్చగ నున్న చాలదు, తెర్లవలెను. ఒక గిన్నె పిండికి ఇంచుమించు ఒక గిన్నె నీరు పట్టును. పాత జొన్నలైన కొంచెము హెచ్చుగ త్రాగును. చిటికెడు ఉప్పు వేసి తెర్లిన నీటిని పిండిలో పోసి, గరిటెతో కలిపి, మూత పెట్టి అయిదు నిమిషములు ఆగవలెను. తరువాత చేయి కాలనంత వేడి యుండగనే అరచేతి మడమతో నొక్కి నొక్కి పిసుకవలెను. ఈ పిసుకుట దగ్గర బద్ధకించినవారి రొట్టె అంచులు పగులును. ముద్ద నున్నగ, పగులు లేక వచ్చు వరకు పిసికి, రెండు రొట్టెలకు సరిపడు ముద్ద తీసికొని, మిగిలినది తడిగుడ్డ క్రింద నుంచవలెను. పీట మీద పొడి జొన్నపిండి చల్లి, అరచేతితో తట్టుచు, త్రిప్పుచు పలుచగ చేయవలెను. పెనము బాగుగ కాగిన తరువాత వేసి, పై ముఖమున తడిచేతితో గాని, తడిగుడ్డతో గాని నీరు రాయవలెను. ఆ తడి ఆరగనే తిరుగవేసి, రెండవ వైపు కాల్చి, చివర నిప్పు మీదనో, గుడ్డతో అదిమియో పొంగింపవలెను. పొంగిన రొట్టె లోపల ఆవిరికి ఉడికినది. పొంగనిది ఉడుకకుండ ఎండినది. రుచిలో భేదమంతయు ఇందే యున్నది.

కొత్తగ నేర్చుకొనువారికి, పట్టణములో పుట్టి పెరిగిన కోడండ్రకు, ఈ పని మొదట కష్టముగ నుండును. వారు రెండు తైలపు కాగితముల నడుమ ముద్ద నుంచి కర్రతో ఒత్తుకొనిన నామోషీ లేదు. రుచి మారదు. కాని ఆ కర్ర మునుపు చపాతీలు ఒత్తినది కారాదు.

ఇక పిల్లలు జొన్న రొట్టె చేదనుట. ఇది జొన్న దోషము కాదు, పాత పిండి దోషము. గింజగ నున్నపుడు నెలల తరబడి నిలుచునది, పిండి కాగానే అందలి నూనెకు గాలి తగిలి కమరు పుట్టును. సజ్జపిండికి ఈ గుణము మరియు హెచ్చు. జొన్నపిండి పది పదునైదు దినములకు, సజ్జపిండి వారము దినములకు మించి పట్టించుకొనరాదు. అంగడిలోని సంచిపిండి పట్టిన దినము ఎన్నడో! తాజా పిండి రొట్టెను పుంటికూర పప్పుతోనో, వెల్లుల్లి కారముతోనో పెట్టినచో వద్దను బిడ్డ అరుదు. నువ్వులు అద్దిన సజ్జ రొట్టె, మక్క రొట్టె, బియ్యపు పిండితో చేయు సర్వపిండి, ఇవన్నియు గోధుమ లేనివే. పథ్యము అనగానే పస్తు అని దిగులు పడవలసిన పని మన తెలంగాణపు వంట ఇంటిలో లేదు.

పిడికెడు గోధుమ పిండి

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. జొన్న రొట్టె విరుగకుండుటకై పిడికెడు గోధుమ పిండి కలుపుట నేడు చాల ఇండ్లలో అలవాటైనది. అమ్మకమునకు రొట్టెలు చేయువారిలో కూడ ఇది కలదు. మామూలు మనిషికి ఇందు నష్టము లేదు. సీలియాక్ బిడ్డకు ఆ పిడికెడే ప్రేగును కోయును. "జొన్న బ్రెడ్డు", "రాగి బిస్కట్టు", "పలు ధాన్యముల పిండి" యని అంగడిలో అమ్మబడు వాటిలో చాల వాటికి మొదటి దినుసు గోధుమయో, మైదాయో అయి యుండును. పేరు చూచి కొనరాదు, వెనుకవైపు సన్న అక్షరములలో నున్న దినుసుల పట్టిక చదివి కొనవలెను.

ఇక కలుపకయే కలియునది ఒకటి కలదు. అది గిర్నిలో జరుగును. మన ఊరి పిండిగిర్నిలో తెల్లవారి గోధుమలు, ఆపైన మిరపకాయలు, తరువాత జొన్నలు పట్టుచుందురు. రాళ్ల సందులలో, గొట్టములో, సంచిగుడ్డలో మునుపటి పిండి నిలిచి యుండును. అది ఎంతయని తేలికగ తీసివేయరాదు. గ్లూటెన్ లేనిదని అమ్ము ఆహారములో కిలోకు 20 మిల్లిగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన దేశపు ఆహార భద్రతా ప్రమాణములు చెప్పుచున్నవి. పది గ్రాముల గోధుమపిండి, అనగా ఒక పెద్ద చెంచాడు, తీసికొనుడు. అందులో మాంసకృత్తు సుమారు ఒక గ్రాము. దానిలో అయిదింట నాలుగు పాళ్లు గ్లూటెన్ అనుకొనిన 800 మిల్లిగ్రాములు. దానిని ఇరువదితో భాగించి చూడుడు. ఆ ఒక్క చెంచాడు 40 కిలోల జొన్నపిండిని హద్దు వరకు తెచ్చును. మన గిర్నిలో నిలుచు పిండి చెంచాడేనా? రెండు దోసిళ్లు ఉండునని గిర్ని నడుపువారే ఒప్పుకొందురు.

కాబట్టి వేలకు వేలు పెట్టి వైద్యము చేయించి, శ్రద్ధగ గోధుమ మానిపించి, జొన్నలు మాత్రము ఊరి గిర్నిలో పట్టించుకొను ఇంటిలో బిడ్డ కోలుకొనకపోవుట వింత కాదు. తల్లి పథ్యము తప్పెనని అత్తయు, బిడ్డ దొంగతిండి తినెనని తల్లియు నిందించుకొందురు. తప్పు ఎవరిదియు కాదు, గిర్ని రాళ్ల మధ్యనున్నది.

దీనికి ఉపాయము మూడు విధములు. మొదటిది, అటక మీద మూలనపడియున్న విసుర్రాయిని దింపి, కడిగి, ఎండబెట్టి, దానిని ఈ పనికే ప్రత్యేకించుట. ఒక మనిషికి కావలసిన పిండి దినమునకు పావు కిలో. వారమునకు రెండు కిలోలలోపే. ఇది విసరుట ఎవరికిని భారము కాదు. రెండవది, ఇంటిలో పెట్టుకొను చిన్న కరెంటు గిర్ని. కొని, అందులో గోధుమ ఎన్నడును వేయకుండుట. మూడవది నాకు అన్నిటికంటె నచ్చినది. గ్రామములోని మహిళా సంఘము వారు జొన్న, సజ్జ, రాగి, కొర్ర, బియ్యములకు మాత్రమే ఒక గిర్ని పెట్టి, గోధుమ, బార్లీలను గడప దాటనీయకుండుట. గిర్నిని కడిగి మొదటి వాయి పశువులకు పోసి, రెండవ వాయి తీసికొనిన చాలునని కొందరందురు. గోధుమ కొంచెము తగ్గించుకొనదలచిన వారికి అది చాలును గాని, ఈ జబ్బు గలవారికి నేనెన్నడును సిఫారసు చేయను.

గిర్ని తరువాత వంట ఇల్లు. చపాతీ కర్ర, పీట, జల్లెడ, ఇవి కొయ్యవి, గుడ్డవి అగుటచే పిండిని వదలవు. బిడ్డకు వేరుగ నుండవలెను. పెనము ఇనుపదైనచో బాగుగ తోమి, ఎర్రగ కాల్చి, ముందుగ జొన్న రొట్టె, తరువాత చపాతీ కాల్చుకొనవచ్చును. పోపులో వేయు ఇంగువ సంగతి చాలమందికి తెలియదు. అంగడిలో దొరకు కూటు ఇంగువలో తరచు గోధుమపిండి కలిపి యుండును. ఉప్మా రవ్వ గోధుమదే. రవ్వ ఇడ్లీ, రవ్వ దోసె అదే కోవ. బార్లీ మొలకలతో చేసిన బలవర్ధక పానీయపు పొడులును పనికిరావు.

అంగన్‌వాడీ కార్యకర్తలకు ఒక మనవి. పసిపిల్లలకిచ్చు బాలామృతము వేయించిన గోధుమ ప్రధాన దినుసుగ శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో రూపొందించబడినది. మామూలు బిడ్డకు అది మేలైన ఆహారము. సీలియాక్ అని వైద్యుడు తేల్చిన బిడ్డకు మాత్రము దానిని పెట్టరాదు. బరువు తక్కువగ నున్నదని మరి రెండు చెంచాలు హెచ్చుగ పెట్టిన, బరువు ఇంకను తగ్గును.

చేను సంగతి

ఈ పథ్యమునకు ఎంత జొన్న కావలెనో లెక్క వేయుదము. దినమునకు పావు కిలో చొప్పున సంవత్సరమునకు 91 కిలోలు. అనగా ఒక క్వింటాలు లోపు. ఎకరమునకు 8 క్వింటాళ్లు పండు చేనులో ఆ క్వింటాలుకు 5 గుంటలు చాలును. విత్తనము ఎకరమునకు 4 కిలోలు, 5 గుంటలకు అరకిలో. ఇండ్ల స్థలముల నడుమ మిగిలిన కొద్ది చెలకలో కూడ ఇది సాధ్యమే.

రొట్టెకు యాసంగి జొన్న శ్రేష్ఠము. వానకాలపు జొన్న గింజ గట్టిపడు వేళ వానలు పడిన బూజు పట్టి నల్లబడును. ఆ పిండి చేదు. యాసంగి గింజ పొడి వాతావరణమున పండుటచే ముత్యమువలె మెరయును. మహారాష్ట్రమున మోహోల్‌లో ఎంపిక చేయబడి, ఎం 35-1 అను పేర, మాల్దండి యను వాడుక పేర ప్రసిద్ధమైన రకము నేటికిని రొట్టెకు కొలబద్ద. 1964లో విడుదలైన సి.ఎస్.హెచ్-1 మొదలు వచ్చిన సంకర రకములు దిగుబడి పెంచినవి గాని, రొట్టె రుచిలో పాత రకములనే మెచ్చుకొను ఇల్లాండ్రు కలరు. వారి మాటను నేను తోసివేయను. మన పచ్చ జొన్న రుచి ఎరిగినవారు దానిని మరువరు. విత్తనము కొరకును, సలహా కొరకును మనకు దగ్గరలోనే రాజేంద్రనగరులో భారతీయ చిరుధాన్యముల పరిశోధన సంస్థయు, వ్యవసాయ విశ్వవిద్యాలయమును కలవు. పటాన్‌చెరువులో 1972 నుండి ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జలపై పరిశోధన చేయుచున్నది. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ అభివృద్ధి సంఘపు మహిళలు పాత విత్తనములను చేతులలో నిలుపుకొని వచ్చిరి. ఇన్ని సంస్థలు మన చుట్టు నుండగ, మంచి గింజ దొరకలేదనుట మనకు శోభించదు.

జొన్న ఎందుకు వెనుకబడినదో కూడ న్యాయముగ చెప్పవలెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినపుడు పేదవాని కంచములోనికి అన్నము వచ్చినది. అది మేలే. అదే సమయమున జొన్నకు కొనువాడు తగ్గెను. 2018ని మన దేశమును, 2023ని ఐక్యరాజ్య సమితియు చిరుధాన్యముల సంవత్సరముగ జరిపినవి. సభలు జరిగినవి, పండుగలు జరిగినవి. చేనులో జొన్న మాత్రము ఆ సభలకు తగినంతగ పెరిగినట్లు మనవైపు కనిపించదు. దీనికి పెద్ద కారణమొకటి పిట్ట. చుట్టు జొన్న లేని చోట ఒక్కడు 5 గుంటలు వేసినచో ఆ ఊరి పిచ్చుకలు, చిలుకలు అన్నియు అతని చేను మీదనే వాలును. కంకి మిగులదు. కావలి కాయుటకు మనిషి లేడు. అందుచే ఒంటరిగ వేయరాదు. పదిమంది ఒక్క కంచెలో, ఒక్క వారములో విత్తవలెను. అప్పుడు పిట్ట తినునది పదిమందికి పంచుకొనబడును, కావలికి ఒక్క మనిషి చాలును. చొప్ప పాడిపశువులకు ఉపయోగపడును. మేడ్చల్ వైపు పాడి చేయువారికి ఈ లాభము వేరుగ చెప్పనక్కరలేదు. అయితే పూత రాకమునుపు, ముఖ్యముగ నీటి ఎద్దడికి వాడిన లేత పైరును పశువులు మేయరాదు. అందు విషము కలదు.

గింజలను బాగుగ ఎండబెట్టి, తడి నూటికి 12 పాళ్లకు దించి, గోధుమ పోయని గాదెలో నిలువ చేయవలెను. పాత గోధుమ సంచులలో జొన్నలు పోయుట మరియొక పొరపాటు. కొత్త సంచికి అయ్యెడి ఖర్చు కొద్దిపాటిది.

బడి పిల్లకు బ్రెడ్డు

ఇంత చెప్పినను, తోటిపిల్లలు బ్రెడ్డు తినుచుండగ తనకును బ్రెడ్డే కావలెనని బిడ్డ ఏడ్చును. ఆ ఏడుపు న్యాయమైనదే. జొన్న రొట్టె గొప్పదని ఉపన్యాసమిచ్చిన దానికి ఊరట కలుగదు. ఇంటనే చేసి పెట్టవలెను. ఊరి బేకరీలో జొన్నపిండి ఇచ్చి కాల్పించుకొనుట పనికిరాదు. అచ్చటి గాలిలోనే మైదా ఎగురుచుండును.

జొన్నపిండి 200 గ్రాములు, బియ్యపుపిండి 150 గ్రాములు, కర్రపెండలపు పిండి 100 గ్రాములు తీసికొనవలెను. కర్రపెండలపు పిండి దొరకనిచో సగ్గుబియ్యమును పొడిచేసి జల్లించుకొనవచ్చును. గ్లూటెన్‌కు బదులు పట్టు కొరకు ఇసబ్‌గోల్ పొట్టు 20 గ్రాములు. గుజరాతు, రాజస్థానములలో పండు ఒక చిన్న మొక్క గింజ పైపొట్టు ఇది. మందుల అంగడిలో మలబద్ధకమునకు అమ్ముదురు. నీరు తగిలిన జిగట కట్టును. ఎండు ఈస్టు 7 గ్రాములు, చక్కెర 15, ఉప్పు 8, నూనె 20 గ్రాములు, నీరు మొత్తము 450 మిల్లిలీటర్లు.

జొన్నపిండిలో మూడవ వంతును విడిగ తీసి, నీటిలో 150 మిల్లిలీటర్లు తెర్లించి దానిపై పోసి ముద్దచేసి ఆరనీయవలెను. ఇది మన రొట్టె విద్యయే. దీనివలన ఇసుక నమలినట్లుండు గుణము పోవును. మిగిలిన నీటిని గోరువెచ్చగ చేసి, చక్కెర, ఈస్టు వేసి నురుగు వచ్చు వరకు పది నిమిషములు ఉంచవలెను. ఇసబ్‌గోలును పొడిపిండిలో ముందే కలుపవలెను. నీటిలో వేసిన ఉండలు కట్టును. అన్నియు కలిపిన తరువాత గోధుమ ముద్దవలె గట్టిగ నుండదు, గారెల పిండి కంటె కొంచెము జారుగ నుండును. దీనిని చూచి భయపడి పిండి చేర్చినవారి బ్రెడ్డు ఇటుకరాయి యగును. నూనె రాసిన డబ్బాలో సగము మించి పోయక, తడిచేతితో పైన నునుపు చేసి, వెచ్చని చోట ఉంచవలెను. సగము వంతు పెరిగినపుడు, సుమారు ముప్పావు గంటకు, ఓవెనులో పెట్టవలెను. రెండింతలు పెరుగు వరకు ఆగినచో లోపల కూలిపోవును, ఏలయన పట్టి నిలుపు గ్లూటెన్ లేదు. 190 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 55 నుండి 60 నిమిషములు కాల్చవలెను. అడుగున తట్టిన డొల్లగ మ్రోగవలెను.

తీసిన వెంటనే కోయరాదు. రెండు గంటలైనను ఆరనీయవలెను. వేడిగ కోసిన లోపల బంకగ నుండి, చెడిపోయినదనుకొని పారవేయుదురు. మరునాటికి ఇది గట్టిపడును గనుక, ముక్కలు కోసి ఫ్రిజ్జు మంచు అరలో నుంచి, కావలసినపుడు పెనము మీద వెన్నతో కాల్చి ఇవ్వవలెను.

అమ్మదలచిన సంఘముల వారికి ఒక మాట. కొంపల్లి, సుచిత్ర వైపు కొత్త కాలనీలలో దీనిని వెదకువారు కలరు. కాని సంచి మీద "గ్లూటెన్ లేనిది" అని అచ్చువేయుటకు ముందు పిండిని పరీక్షశాలకు పంపి, కిలోకు 20 మిల్లిగ్రాముల లోపున్నదని కాగితము తెచ్చుకొనవలెను. అది లేనిచో "శుద్ధమైన జొన్నపిండి, గోధుమ పట్టని గిర్నిలో పట్టినది" అని ఉన్నమాట వ్రాసిన చాలును. ఆ మాట నిజమైనపుడు దానికే గిరాకి కలదు.

యాసంగి జొన్న విత్తుట సెప్టెంబరు రెండవ పక్షము నుండి అక్టోబరు చివర వరకు. మన చెలక నేలలు తడిని ఎక్కువకాలము నిలుపవు గనుక రెండు మూడు తడులకు వసతి చూచుకొని మరీ విత్తవలెను. వ్యవసాయ విస్తరణాధికారులు ఆగస్టులోనే రైతు వేదికలో పదిమందిని కూర్చుండబెట్టి, ఎవరి చెలక ఎవరి చెలకకు ఆనుకొని యున్నదో, పిట్ట కావలి ఎవరిదో, విత్తనము ఎక్కడి నుండి తెచ్చెదరో, గిర్ని ఏ ఇంటి పంచన పెట్టెదరో ఆ దినముననే తేల్చవలెను. ఆశా కార్యకర్తను కూడ ఆ సభకు పిలువుడు. ఊరిలో ఏ ఇంటి బిడ్డకు ఈ రొట్టె కావలెనో ఆమెకు తెలిసి యుండును.